అసెంబ్లీ అంతా ఒప్పుకున్నా ఆగిపోతే, రాష్ట్రానికి ఉన్న అధికారం ఎంత?

నల్లకుంట శ్రోత

తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు అయిపోయాయి. బీసీలకు 42 శాతం అని మొదలుపెట్టి, చివరికి మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటకుండానే ముగించారు. 2025 మార్చిలో అసెంబ్లీలో బిల్లులు పెడితే అన్ని పార్టీలూ మద్దతిచ్చాయి. సెప్టెంబర్ 26న ఆ 42 శాతం ఇస్తూ ప్రభుత్వ ఉత్తర్వు, జీవో 9 వచ్చింది. అక్టోబర్ 9న హైకోర్టు స్టే ఇచ్చింది. ఆ తర్వాతి వారం సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోనంది.

అప్పటి నుంచి ఎవరిని కదిపినా ఒకటే మాట. అందరూ కలిసి ఒప్పుకున్నదాన్ని కూడా చేయలేకపోతే అసెంబ్లీ ఎందుకు, ముఖ్యమంత్రి ఎందుకు అని. ఆ బాధ నాకూ ఉంది. కానీ ఆ మాటను అలాగే ఒప్పుకుంటే, మెజారిటీ ఉన్న ఏ ప్రభుత్వమైనా రేపు ఏదైనా చేయొచ్చని ఒప్పుకున్నట్టే కదా? రాజ్యాంగం రాష్ట్రానికి ఎక్కడెక్కడ హద్దు పెట్టింది, అందులో ఏది న్యాయం, ఏది కాదు? పార్టీలు పక్కన పెట్టి, తెలిసినవాళ్లు చెప్పండి.

పురానీ హవేలీ వకీలు

శ్రోత గారూ, ముందు 42 శాతం గురించి ఒక చిక్కు విప్పుకుందాం. ఆగింది చట్టం కాదు, జీవో. బిల్లులు రాష్ట్రపతి దగ్గరికి వెళ్లాయి, అక్కడే ఉన్నాయి. ఇక మన పంచాయతీరాజ్ చట్టం 2018లోనే, 285ఏ సెక్షన్‌లో, రిజర్వేషన్లు మొత్తం 50 శాతం దాటకూడదని ఉంది. అది ఢిల్లీ రాసింది కాదు, మన అసెంబ్లీ రాసిందే. దాన్ని సవరించడానికి ఆర్డినెన్సు పంపారు, తర్వాత ఆగస్టు చివర్లో బిల్లు పాస్ చేశారు, అది చట్టం కాలేదు. చట్టం ఒకటి చెబుతుంటే జీవో ఇంకొకటి చెప్పడం ఏ కోర్టులోనూ నిలబడదు. మంత్రివర్గం అధికారం 162వ అధికరణం కింద వస్తుంది, కానీ అది చట్టానికి లోబడే ఉంటుంది.

రెండోది, స్థానిక సంస్థల రిజర్వేషన్లపై 2010లో కృష్ణమూర్తి కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం 50 శాతం గీత గీసింది. బీసీలకు 42, ఎస్సీలకు 15, ఎస్టీలకు 10 కలిపితే 67 అవుతుంది.

ఇక అసలు ప్రశ్న. నా దృష్టిలో రాష్ట్రానికి ఉన్న హద్దులు రెండు రకాలు. ఒకటి, ఢిల్లీకి ఎంత, మనకు ఎంత అని పంచుకున్న చోట వచ్చేది. ఏడో షెడ్యూలు (ఏ అంశం మీద ఎవరు చట్టం చేయాలో చెప్పే జాబితాలు), గవర్నర్, అప్పులు, నదులు ఇవన్నీ అందులోవి. రెండోది, పౌరుడి కోసం పెట్టింది. సమానత్వం, ఆస్తి, నోటీసు, విచారణ. ఈ రెండో రకం హద్దు కేంద్రానికీ ఉంటుంది, రాష్ట్రానికీ ఉంటుంది, మీ మున్సిపాలిటీకీ ఉంటుంది. మొదటి రకం కోసం రాష్ట్రం పోట్లాడితే నేను రాష్ట్రం వైపే. రెండో రకాన్ని కూడా "రాష్ట్ర హక్కుల మీద దాడి" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మనం రోజూ ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడుతున్నాం.

ఉప్పల్ గొంతు

సార్, మీ రెండు రకాల లెక్క బాగుంది. మరి తమిళనాడులో 69 శాతం ఎలా నడుస్తోంది? అగ్రకులాల్లో పేదలకు పది శాతం ఈడబ్ల్యూఎస్ కోటా ఎలా వచ్చింది? 2019లో పార్లమెంటు రాజ్యాంగం సవరించి 50 దాటిస్తే 2022లో సుప్రీంకోర్టు 3:2తో సరే అంది. అదే మేం జనాభా లెక్క తీసి, సర్వే చేసి, అసెంబ్లీలో అందరం చేతులెత్తితే 50 అనేది దాటరాని గీత అయిపోయింది. ఇది పౌరుడి కోసం పెట్టిన హద్దు ఎలా అవుతుంది?

పురానీ హవేలీ వకీలు

తమ్ముడూ, సూటి ప్రశ్న అడిగావు, సూటిగానే చెబుతా.

తమిళనాడు 69 శాతం చదువులకు, ఉద్యోగాలకు సంబంధించింది, పంచాయతీ సీట్లకు కాదు. 1994లో 76వ సవరణతో ఆ చట్టాన్ని, కోర్టు సవాళ్ల నుంచి రక్షణ ఇచ్చే తొమ్మిదో షెడ్యూల్లో పెట్టారు. అలా పెట్టాలంటే పార్లమెంటు కావాలి. పెట్టినా పూర్తి రక్షణ లేదు. 1973 ఏప్రిల్ 24, అంటే కేశవానంద భారతి తీర్పు వచ్చిన రోజు తర్వాత ఆ షెడ్యూల్లో చేరిన ఏ చట్టాన్నైనా రాజ్యాంగ మౌలిక స్వరూపం (పార్లమెంటు కూడా చెరపలేని మూల లక్షణాలు) కొలతతో పరీక్షించవచ్చని 2007లో తొమ్మిదిమంది జడ్జీలు చెప్పారు.

ఈడబ్ల్యూఎస్ విషయంలో నీ కోపంలో నిజం ఉంది. 50 శాతం గీత ఆ కోటాకు అడ్డు రాదని మెజారిటీ జడ్జీలు అన్నారు. ఆ గీత సమానత్వం పేరుతో పెట్టిందే కాబట్టి నేను దాన్ని రెండో రకంలో వేశాను. కానీ దాన్ని జరిపే తాళంచెవి పార్లమెంటు దగ్గర మాత్రమే ఉంది. కాబట్టి అందులో మొదటి రకం కూడా కలిసి ఉంది. ఈ అసమానత మీద పోట్లాడు, నేనూ వస్తాను. కానీ చట్టం దాటి జీవోతో పని కానిచ్చేద్దాం అంటే మాత్రం ఒప్పుకోను. నష్టపోయేది బీసీ అభ్యర్థులే. నామినేషన్ల టైమ్‌లో ఊళ్లలో వాళ్లు పడ్డ టెన్షన్ చూశాం కదా.

లెక్చరర్, హిమాయత్‌నగర్

అసెంబ్లీ మాటే చివరి మాట కావాలని హైదరాబాద్‌లో కూర్చుని అనేవాళ్లకు ఒక సంగతి గుర్తు చేయాలి.

2014 జనవరి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. అయినా ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి, జూన్ 2న తెలంగాణ వచ్చింది. కారణం మూడో అధికరణం. రాష్ట్రాన్ని విడదీయడానికి, హద్దులు మార్చడానికి, చివరికి పేరు మార్చడానికి కూడా పార్లమెంటులో మామూలు మెజారిటీ చాలు. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, వినాల్సిన పని లేదు. అసెంబ్లీ సమ్మతి తప్పనిసరి అయి ఉంటే మన రాష్ట్రం పుట్టేదే కాదు.

అమెరికాలో అలా కుదరదు. అక్కడి రాజ్యాంగం నాలుగో అధికరణం మూడో సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రాన్ని చీల్చాలంటే ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకోవాల్సిందే. అక్కడ రాష్ట్రాలు ముందు, సమాఖ్య తర్వాత. మన దగ్గర సంస్థానాలు, ప్రావిన్సులు కలిపి గీతలు గీసుకుంటూ వచ్చాం. అంబేడ్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ముసాయిదా ప్రవేశపెడుతూ, రాష్ట్రాలు కుదుర్చుకున్న ఒప్పందంతో ఈ సమాఖ్య ఏర్పడలేదని, కాబట్టి విడిపోయే హక్కు ఏ రాష్ట్రానికీ లేదని వివరించారు.

నా విద్యార్థులకు చాలాకాలం ఇది పాఠంగా చెప్పాను. 2014 తర్వాత చెప్పడం కష్టమైంది. క్లాసులో సగంమందికి అది విముక్తి, మిగతా సగానికి గాయం.

కూకట్‌పల్లిలో కృష్ణా జిల్లా

మాస్టారూ, ఆ మిగతా సగంలో నేనూ ఉన్నాను. తెలంగాణ రావడం మీద నాకు ఇప్పుడు ఏ ఫిర్యాదూ లేదు, నా పిల్లలు ఇక్కడే పుట్టారు. కానీ అధికారం ఎలా వాడారన్నది వేరే సంగతి. మా అసెంబ్లీ వద్దంది, అయినా లెక్కలోకి రాలేదు. అది ఆ రోజు మీకు మంచి చేసింది కాబట్టి మంచి అధికారం అంటే ఎలా? అదే మూడో అధికరణం చేతిలో పట్టుకునే కదా 2013లో హైదరాబాద్‌ను కేంద్రపాలిత ప్రాంతం చేయాలని కొందరు గట్టిగా అడిగారు. అప్పుడు ఇక్కడివాళ్లకు ఎంత మండింది?

2019లో జమ్మూ కశ్మీర్‌ను రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా మార్చినప్పుడు ఆ రాష్ట్రంలో అసెంబ్లీయే లేదు, రాష్ట్రపతి పాలనలో ఉంది. శాసనసభ అభిప్రాయం అడగడం అనే ఆ చిన్న మర్యాద కూడా పార్లమెంటు తానే తీర్చేసుకుంది. 2023 డిసెంబర్ 11 తీర్పులో లద్దాఖ్‌ను విడదీయడం సరైనదే అన్నారు. ఒక రాష్ట్రం మొత్తాన్ని కేంద్రపాలితం చేయొచ్చా అన్నది మాత్రం, రాష్ట్ర హోదా తిరిగి ఇస్తామని కేంద్రం చెప్పిందని తేల్చకుండా వదిలేశారు. తేల్చకపోవడమే నాకు భయం.

లెక్చరర్, హిమాయత్‌నగర్

మీ భయం నాకూ ఉంది. మూడో అధికరణాన్ని కాస్తయినా గట్టిపరచాలి. అసెంబ్లీ రద్దయి ఉండగా ఆ పని చేయకూడదన్న ఒక్క నియమం పెట్టినా చాలావరకు నయం. దీనికి తోడు ఇంకో మెలిక ఉంది. ఏడో షెడ్యూలు మార్చాలంటే 368వ అధికరణం ప్రకారం సగం రాష్ట్రాల అసెంబ్లీలు ఆమోదించాలి. రాష్ట్రాన్నే తీసేయడానికి అది అక్కర్లేదు. అలాంటి చట్టాన్ని రాజ్యాంగ సవరణగా లెక్కించరని నాలుగో అధికరణం స్పష్టంగా చెబుతుంది. జాబితాలో ఒక పద్దుకు ఉన్న రక్షణ రాష్ట్రం ఉనికికి లేదు.

నల్లకుంట శ్రోత

హైదరాబాద్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. పదేళ్లు ఉమ్మడి రాజధాని అన్నప్పుడు గవర్నర్‌కు ప్రత్యేక అధికారాలు అన్నారు. అవి ఇంకా ఉన్నాయా?

పురానీ హవేలీ వకీలు

లేవు. విభజన చట్టం ఎనిమిదో సెక్షన్ అది. జీహెచ్ఎంసీ పరిధిలో ప్రజల ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి రక్షణ గవర్నర్ ప్రత్యేక బాధ్యత అన్నారు. శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలో మొట్టమొదటి పద్దు, అయినా రాజధాని నగరంలోనే ప్రభుత్వం పైన ఇంకొకరిని పెట్టారు. 2014 ఆగస్టులో కేంద్రం దీనిపై లేఖ రాస్తే పెద్ద గొడవైంది. 2024 జూన్ 2తో ఆ పదేళ్లూ ముగిశాయి.

అబిడ్స్ ఆడిటర్

అధికారం అంటే చివరికి డబ్బే. అక్కడ హద్దు ఎలా ఉంటుందో చూడాలంటే మీ పేస్లిప్ తీయండి. మినహాయింపుల్లో "పీటీ 200" అని ఒక గీత కనిపిస్తుంది. జీతం నెలకు 20,000 దాటినవాళ్లందరికీ అంతే, 25,000 వచ్చే సేల్స్ కుర్రాడికీ, 4 లక్షలు వచ్చే ఐటీ మేనేజర్‌కూ. ఏడాదికి 2,400. ఎక్కువ వచ్చేవాళ్ల దగ్గర ఎక్కువ తీసుకోవచ్చు కదా అని మా క్లయింట్లే అడుగుతుంటారు. తీసుకోలేరు. 276వ అధికరణం వృత్తి పన్నుకు మనిషికి ఏడాదికి 2,500 అని కప్పు వేసింది. 1988లో 60వ సవరణతో 250 నుంచి ఆ అంకెకు పెంచారు. అప్పటి నుంచి కదల్లేదు. మన అసెంబ్లీ మొత్తం నిలబడి ఓటేసినా 2,501 వసూలు చేయలేదు.

జీఎస్టీ తర్వాత రాష్ట్రం చేతిలో గట్టిగా మిగిలినవి పెట్రోలు, డీజిల్, మద్యం, రిజిస్ట్రేషన్లు. అందుకే ఇక్కడ పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం. అది ఎందుకంత అని తిట్టేవాళ్లు, మిగతా తలుపులు మూతపడ్డాయని కూడా చూడాలి. జీఎస్టీ కౌన్సిల్లో కేంద్రం ఓటు విలువ మూడో వంతు, రాష్ట్రాలన్నీ కలిపి మూడింట రెండు వంతులు, తీర్మానం నెగ్గాలంటే నాలుగింట మూడు వంతులు కావాలి. అంటే కేంద్రం వద్దంటే ఏదీ నెగ్గదు. కౌన్సిల్ సిఫారసులు చట్టసభలను కట్టిపడేయవని 2022 మేలో మోహిత్ మినరల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం మీద అది రాష్ట్రాలకు ఊరట. ఆచరణలో ఒక్క రాష్ట్రం విడిగా రేటు మార్చుకుంటే వ్యాపారుల లెక్కలన్నీ తారుమారవుతాయి కాబట్టి ఎవరూ ధైర్యం చేయరు.

అప్పు సంగతి ఇంకా గట్టిది. 293వ అధికరణం మూడో క్లాజు ప్రకారం కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు తేవాలంటే కేంద్రం అనుమతి కావాలి. బాకీ లేని రాష్ట్రం ఎక్కడుంది? 2022 నుంచి కార్పొరేషన్ల పేరుతో తెచ్చి ప్రభుత్వం కట్టే అప్పులను కూడా రాష్ట్రం లెక్కలోనే వేస్తున్నారు. దీని మీద కేరళ 131వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 ఏప్రిల్‌లో అది అయిదుగురు జడ్జీల ధర్మాసనానికి పోయింది. రాష్ట్రాల ఆర్థిక స్వేచ్ఛకు సంబంధించి నాకు తెలిసి ఇంతకంటే ముఖ్యమైన కేసు ఇప్పుడు లేదు.

ఉప్పల్ గొంతు

పన్నుల వాటా కూడా చెప్పండి సార్. 14వ ఆర్థిక సంఘంలో మన వాటా 2.437 శాతం, 15వ సంఘంలో 2.102కు పడిపోయింది. బాగా సంపాదించినందుకు తగ్గింది.

అబిడ్స్ ఆడిటర్

తగ్గిన మాట నిజమే. తలసరి ఆదాయం ఎక్కువున్న రాష్ట్రానికి వాటా తగ్గేలా సూత్రం ఉంటుంది. బిహార్‌లో బడికి మన పన్ను పోతే నాకు అభ్యంతరం లేదు. రాష్ట్రాలతో పంచుకోనక్కర్లేని సెస్సులు, సర్‌చార్జీలు కేంద్రం పెంచుకుంటూ పోవడమే నాకు అభ్యంతరం.

సరూర్‌నగర్ టీచర్

ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికుల వాటా గురించి చెప్పే 371డి అధికరణాన్ని ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు, చదువుకుంటున్న పిల్లలకు అన్నిటికంటే దగ్గరగా తగిలే హద్దు అదే.

1957 చట్టం ప్రకారం తెలంగాణ ప్రాంతంలో కొన్ని ఉద్యోగాలకు ఇక్కడ 15 ఏళ్ల నివాసం ఉండాలన్నారు. 1969 మార్చిలో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. 16వ అధికరణం మూడో క్లాజు ప్రకారం నివాసం షరతు పార్లమెంటు పెట్టొచ్చు, కానీ రాష్ట్రం మొత్తానికే పెట్టాలి, అందులో ఒక ముక్కకు కాదు అని. అప్పటికే 1969 ఉద్యమం నడుస్తోంది. తర్వాత 1972 అక్టోబర్‌లో, ఉద్యోగాలకు స్థానిక నివాసం ఉండాలనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని మరో తీర్పు, దానితో అటువైపు జై ఆంధ్ర ఉద్యమం, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన. ఆ మంటలన్నీ చల్లార్చడానికి వచ్చిందే ఆరు సూత్రాల పథకం, 32వ సవరణ, 371డి.

అంటే ఏమైంది? ఎవరు లోకల్, ఏ పోస్టు ఏ కేడర్ అన్నది నిర్ణయించే అధికారం రాష్ట్రం చేతిలోంచి రాష్ట్రపతి ఉత్తర్వులకు పోయింది. 2018లో కొత్త ఉత్తర్వులు వచ్చేదాకా కొత్త జిల్లాలకు తగ్గట్టు కేడర్లు మార్చుకోలేకపోయాం. ఇప్పుడు 95 శాతం పోస్టులు స్థానికులకు, రెండు మల్టీజోన్లు, ఏడు జోన్లు. వాటిలో ఒక్క జిల్లాను ఒక జోన్ నుంచి ఇంకో జోన్‌కు మార్చాలన్నా ఢిల్లీ సంతకం కావాలి. ఇది వకీలు గారు చెప్పిన మొదటి రకమా, రెండో రకమా? నా వరకు రెండూ. ఢిల్లీ దగ్గర అధికారం ఉంది, కానీ అది మహబూబ్‌నగర్ అమ్మాయికి పోస్టు దక్కడానికి ఉంది.

పురానీ హవేలీ వకీలు

మేడమ్, మీరు 371డి తెచ్చారు కాబట్టి అందులోనే ఉన్న ఒక రత్నం చెప్పకుండా ఉండలేను. ఉద్యోగుల తగాదాలు తేల్చడానికి ఆ అధికరణం ఒక ట్రిబ్యునల్ పెట్టింది. అయిదో క్లాజులో మాత్రం, ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును రాష్ట్ర ప్రభుత్వం మార్చొచ్చు, రద్దు కూడా చేయొచ్చు అని రాశారు. ఒక క్లర్కు ప్రభుత్వం మీద కేసు గెలిస్తే, ఓడిపోయిన ప్రభుత్వమే ఆ తీర్పును చెల్లదనొచ్చు. 1986 డిసెంబర్‌లో సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. గమనించండి, అది మామూలు చట్టం కాదు, పార్లమెంటు చేసిన రాజ్యాంగ సవరణ. చట్టబద్ధ పాలనకు విరుద్ధం కాబట్టి అదీ నిలవలేదు. హైదరాబాద్ సెక్రటేరియట్ ఫైళ్లలో తిరిగిన ఉద్యోగుల కేసులు దేశానికి ఇచ్చిన సూత్రం ఇది.

నల్లకుంట శ్రోత

గవర్నర్ గురించి ఎవరూ విడిగా రాయలేదు. 1984లో ఎన్టీఆర్‌ను దించింది రాష్ట్రపతి పాలన పెట్టే 356వ అధికరణం కిందనే కదా?

లెక్చరర్, హిమాయత్‌నగర్

కాదు, చాలామంది అలాగే అనుకుంటారు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ రాష్ట్రపతి పాలన పెట్టలేదు. ముఖ్యమంత్రిని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. ఎన్టీఆర్ అప్పుడే అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చారు. సభలో బలపరీక్ష పెట్టకుండా రాజ్‌భవన్‌లోనే లెక్క తేల్చేశారు. జనం ఊరుకోలేదు. రామ్‌లాల్‌ను పంపించేశారు, సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. మెజారిటీ సభలోనే తేలాలన్న సూత్రం 1994 మార్చి 11న బొమ్మై తీర్పుతో చట్టం అయింది. దానికి పదేళ్ల ముందే ఈ నగరం వీధుల్లో అది తేలిపోయింది.

పురానీ హవేలీ వకీలు

ఇప్పటి గొడవ బర్తరఫ్‌లు కాదు, బిల్లులు. 2023లో మన ప్రభుత్వం పది బిల్లులు పెండింగ్‌లో ఉన్నాయని సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఏప్రిల్ 24న కోర్టు, 200వ అధికరణంలో "వీలైనంత త్వరగా" అన్న మాటకు బలం ఉందని గుర్తు చేసింది. 2025 ఏప్రిల్ 8న తమిళనాడు కేసులో ఇద్దరు జడ్జీలు ఒక అడుగు ముందుకేసి గడువులు పెట్టారు, పది బిల్లులకు ఆమోదం వచ్చినట్టే అన్నారు. నవంబర్ 20న అయిదుగురు జడ్జీలు రాష్ట్రపతి అడిగిన ప్రశ్నలకు జవాబిస్తూ గడువులు కుదరవన్నారు, "ఆమోదం వచ్చినట్టే" అనడమూ కుదరదన్నారు. అయితే గవర్నర్ బిల్లును అలా అట్టేపెట్టుకోకూడదని, కారణం లేకుండా సాగదీస్తే ఏదో ఒకటి తేల్చమని కోర్టు చెప్పొచ్చని అన్నారు.

నాకిది నచ్చలేదు. తేల్చమని చెప్పించుకోవడానికే రాష్ట్రం మళ్లీ ఢిల్లీ దాకా వెళ్లాలి. రాష్ట్రపతి దగ్గరికి వెళ్లిన బిల్లుకైతే 201వ అధికరణంలో రాష్ట్రపతికి గడువు మాటే లేదు. ఉప్పల్ తమ్ముడి 42 శాతం బిల్లులు ఇప్పుడున్నది అక్కడే.

మోడరేటర్

పార్టీల పేర్లతో తిట్టుకున్న నాలుగు పోస్టులు తీసేశాం. మిగతా చర్చ సాగించండి.

గచ్చిబౌలి విద్యార్థిని

కంచ గచ్చిబౌలి 400 ఎకరాలు ఈ చర్చలో ఉండాలి. అక్కడ చెట్లు కొట్టించింది రాష్ట్రం, భూమి తనదేనంది. సుప్రీంకోర్టులో కూడా భూమి రాష్ట్రానిదేనని ముందే తేలింది. అయినా 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని పనులు ఆపించింది. భూమి మీద హక్కు ఉండటం, దాని మీదున్న అడవిని నరికే హక్కు ఉండటం ఒకటి కావు. అడవులు మొదట రాష్ట్ర జాబితాలోనే ఉండేవి. 1976లో 42వ సవరణ వాటిని ఉమ్మడి జాబితాకు మార్చింది, విద్యతో పాటు. రికార్డుల్లో అడవి అని రాసి లేకపోయినా అడవి లక్షణం ఉంటే అది అడవే అని 1996 గోదావర్మన్ కేసు చెప్పింది.

ఎమర్జెన్సీలో వచ్చిన సవరణ అది, రాష్ట్రాల దగ్గర లాక్కున్నారని మా సార్లు చెబుతారు. నిజమే. కానీ మా హాస్టల్ వెనక నెమళ్ల అరుపులు పొద్దున్నే ఇంకా వినిపిస్తున్నాయంటే ఆ హద్దు ఉండటం వల్లే. రాష్ట్రం చేతిలోనే అంతా ఉండాలని నేను ఎలా అనగలను? ఇంకో సంగతి, మా సెంట్రల్ యూనివర్సిటీ కూడా టీచర్ మేడమ్ చెప్పిన ఆరు సూత్రాల పథకంతో వచ్చిందే. 371ఇ అధికరణం దాని కోసమే పెట్టారు.

ఉప్పల్ గొంతు

చెల్లెమ్మా, కేంద్రం కూడా గనుల కోసం అడవులు నరికిస్తోంది కదా. ఆ కాపలా నమ్మదగిందేనా?

గచ్చిబౌలి విద్యార్థిని

కేంద్రాన్ని నమ్మి చెప్పలేదు అన్నా. ఇద్దరిలో ఒకరు తప్పు చేస్తే ఇంకొకరిని అడగడానికి దారి ఉండాలని అంటున్నా. కోర్టు ఆపింది రెండింటికీ వర్తించే నియమంతో.

మూసీ ఒడ్డు

ఇంతసేపు పెద్దపెద్ద అధికరణాలు చదివాను. మా వీధి సంగతి చెబుతా. 2024లో సర్వేవాళ్లు వచ్చి ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని, అంటే నది గర్భంలో ఉన్న ఇల్లు అని గుర్తు రాసి పోయారు. మా పక్కింటి పెద్దాయన దగ్గర రిజిస్ట్రేషన్ కాగితాలు, ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి. ఎవరికి చూపించాలో చెప్పేవాళ్లు లేరు. ఢిల్లీ నుంచి వచ్చిన భయం కాదు అది. మాకు ఎదురైన సర్కారు ఇక్కడిదే. బుల్డోజర్ల మీద సుప్రీంకోర్టు 15 రోజుల నోటీసు ఉండాలంది కదా, అది మాకు పనికొస్తుందా వకీలు సాబ్?

పురానీ హవేలీ వకీలు

అన్నా, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. 2024 నవంబర్ 13 తీర్పులో 15 రోజుల నోటీసు, సొంత వాదన చెప్పుకునే అవకాశం, కారణాలతో ఉత్తర్వు, ఇవన్నీ ఉన్నాయి. కానీ రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్కన, నదులు చెరువుల్లో అనధికారంగా కట్టినవాటికి ఆ నియమాలు వర్తించవని కూడా అందులోనే ఉంది. కాబట్టి మీ కేసంతా ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది: ఆ ఇల్లు నది హద్దులో ఉందా, అనధికారమా? అది ఎవరు, ఏ మ్యాపుతో తేల్చారు?

అక్కడ మీకు ఆధారం 300ఏ. చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదు. 2024 మేలో కోల్‌కతా కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని విడదీసి చెప్పింది. నోటీసు, విచారణ, కారణాలతో నిర్ణయం, ప్రజా ప్రయోజనం, న్యాయమైన పరిహారం, ఇవన్నీ ఆ హక్కులో భాగమే అని. రిజిస్ట్రేషన్ ఒక్కటే ఉంటే హక్కు గట్టిపడదు, ఇంటి పర్మిషన్, లేఅవుట్ కాగితాలు కూడా వెతికి పెట్టండి. నది హద్దు నిర్ణయించిన నోటిఫికేషన్, సర్వే స్కెచ్ కాపీలు రాతపూర్వకంగా అడగండి. మాటలతో అడిగింది కోర్టులో కనిపించదు.

శ్రోత గారూ, రెండో రకం హద్దు అని నేను మొదట రాసింది ఇదే. ఆ పెద్దాయనకు అసెంబ్లీ బలంతో, ఢిల్లీ బలంతో పని లేదు.

ఉప్పల్ గొంతు

మూసీ అన్న పోస్టు చదివాక నా మాట కొంచెం వేరేలా చెప్పాలనిపిస్తోంది. హద్దులు వద్దని నేను అనడం లేదు. హద్దు కదులుతుందా అన్నదే నా ప్రశ్న. ఎస్సీ వర్గీకరణ చూడండి. 1994లో మంద కృష్ణ మాదిగ ఉద్యమం మొదలుపెట్టారు. ఉమ్మడి రాష్ట్రం 2000లో చట్టం చేసింది. 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. 341వ అధికరణం కింద రాష్ట్రపతి జాబితాను ముట్టుకునే అధికారం రాష్ట్రానికి లేదంది. ఇరవై ఏళ్లు ఆ మాటే శిలాశాసనం. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీలు 6:1తో దాన్ని పక్కనపెట్టారు. రాష్ట్రాలు వర్గీకరించొచ్చన్నారు. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో అమల్లోకి వచ్చింది. 59 కులాలు, మూడు గ్రూపులు, 1, 9, 5 శాతం. 50 శాతం గీత కూడా అలాగే కదలాలి. లెక్కలు పట్టుకుని, కమిషన్ నివేదికలు పట్టుకుని కదిలించాలి.

సరూర్‌నగర్ టీచర్

అలా అంటే ఒప్పుకుంటా తమ్ముడూ. ఇప్పుడు ఇంకో వైపు కూడా చూడు. పాత సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో అయిపోయింది. కొత్తవాళ్లు వచ్చింది 2025 డిసెంబర్‌లో. మధ్యలో ఊళ్లన్నీ ప్రత్యేకాధికారుల చేతిలో. అయిదేళ్లు నిండేలోపే ఎన్నిక పెట్టాలని 243ఇ చెబుతోంది. మా అత్తగారి ఊళ్లో వీధిలైటు పోతే చెప్పుకోవడానికి మనిషి లేడు, ఆ ప్రత్యేకాధికారికి ఇంకా నాలుగు ఊళ్లు. ఎన్నికైన పంచాయతీ లేకపోతే ఆర్థిక సంఘం నిధులూ ఆగిపోతాయి.

ఢిల్లీ మా అధికారాలు లాక్కుంటోందని రాష్ట్రం అనేది నిజమే. 11వ షెడ్యూల్లో 29 అంశాలు, 12వ దాంట్లో 18 అంశాలు పంచాయతీలకు, మున్సిపాలిటీలకు ఇవ్వొచ్చని 1992 నుంచి ఉంది. ఏ పార్టీ సర్కారైనా వాటిలో ఎన్ని నిజంగా చేతికిచ్చింది? "ఇవ్వొచ్చు" అని రాశారు, అందుకే ఇవ్వలేదు.

లెక్చరర్, హిమాయత్‌నగర్

మేడమ్ చెప్పినదానికి ఒక్క మినహాయింపు ఉంది. అన్నీ "ఇవ్వొచ్చు" కావు. 243ఐ ప్రకారం ప్రతి అయిదేళ్లకు రాష్ట్ర ఆర్థిక సంఘం వేయాల్సిందే. దాని సిఫారసులు, వాటిపై ఏం చేశారన్న వివరణ పత్రంతో సహా, అసెంబ్లీ ముందు పెట్టాల్సిందే. ఇక్కడ ఉన్నది తప్పనిసరి భాష. కోర్టుకు వెళ్లేవాళ్లు ఈ అధికరణం మీద నిలబడాలి.

ఉప్పల్ గొంతు

మాస్టారూ, దీని మీద ఆర్టీఐ పెడతాను. ఎలా అడగాలి?

లెక్చరర్, హిమాయత్‌నగర్

"ఎందుకు ఇవ్వలేదు" అని అడగొద్దు, కారణాలు అడిగితే తిప్పి పంపుతారు. కాగితాలు అడుగు. రాష్ట్రం వచ్చినప్పటి నుంచి వేసిన రాష్ట్ర ఆర్థిక సంఘాల నియామక ఉత్తర్వులు, అవి ఇచ్చిన నివేదికల ప్రతులు, వాటిని అసెంబ్లీ ముందు ఉంచిన తేదీలు, వివరణ పత్రాల ప్రతులు. ఈ నాలుగే. ఒక్క పేజీ దాటకుండా రాయి. పది రూపాయల ఫీజు.

అబిడ్స్ ఆడిటర్

అయిదోది చేర్చు తమ్ముడూ. ఆ సిఫారసుల ప్రకారం గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో పంచాయతీలకు, మున్సిపాలిటీలకు విడుదల చేసిన మొత్తం, బడ్జెట్ పద్దుల వారీగా. అంకెలు రాగానే ఇక్కడ పెట్టు, బడ్జెట్ పుస్తకాలతో నేను సరిచూస్తా.

ఉప్పల్ గొంతు

సోమవారం పెడుతున్నాను. టీచర్ అక్కా, మీ అత్తగారి ఊరి పంచాయతీకి ఈ రెండేళ్లలో ఎంత వచ్చిందో కొత్త సర్పంచును అడిగి చెప్పగలరా? రెండు అంకెలూ పక్కపక్కన పెడదాం.